సీటు విప్పి చూశాకే బ్యాటరీ కొనండి

సెల్ఫ్ నొక్కితే "టిక్ టిక్" అని ఊరుకుందనుకోండి, తిన్నగా షాపుకెళ్లి బండి పేరు చెప్పి "దీనికో బ్యాటరీ ఇవ్వండి" అంటాం. నేనూ అలాగే తెచ్చుకున్నాను. ట్రేలో చక్కగా కూర్చుంది. తీరా చూస్తే ప్లస్ ఉండాల్సిన వైపు మైనస్ ఉంది, ఎర్ర వైరు రెండు వేళ్ల దూరంలో ఆగిపోయింది. లాగి బిగించాను. ఆ వైరు ఫ్రేముకి ఒరుసుకుని, వారం తిరక్కుండానే మెయిన్ ఫ్యూజు ఎగిరింది.

అందుకే ముందు సీటు విప్పి పాత బ్యాటరీని ఫొటో తీసుకోండి. ప్లస్ ఏ వైపుందో, పొడవు, వెడల్పు, ఎత్తు ఎంతో, పైన రాసిన కోడ్ ఏంటో చూసుకోండి. కోడ్‌లో అంకెను చూసి మోసపోకండి. వైటీఎక్స్9-బీఎస్ అంటే 9 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) కాదు, 8. ట్రేలో పట్టినంతవరకు ఏహెచ్ కాస్త ఎక్కువైనా పర్లేదు, తక్కువ మాత్రం వద్దు. కిక్ లేని బండికైతే సీసీఏ (చలిలో స్టార్ట్ చేసేటప్పుడు ఇవ్వగల కరెంటు) కూడా చూడాలి, ఇంజన్ తిప్పే బలం దాన్నిబట్టే తెలుస్తుంది.

ఇక రకాలు. మూతలు విప్పి డిస్టిల్డ్ వాటర్ పోసే మామూలు యాసిడ్ బ్యాటరీని అందరూ చిన్నచూపు చూస్తారు గానీ, ఛార్జింగ్ సరిగ్గా అదుపులో ఉండని పాత బండికి అదే నయం. నీళ్లు ఆవిరైతే మళ్లీ పోసుకోవచ్చు. గాలి పైపు మాత్రం చైన్ మీదికి కాకుండా కిందికి వదలండి, లేకపోతే యాసిడ్ చైన్‌ని తినేస్తుంది.

రోజూ తిరిగే బండికి నా ఓటు ఏజీఎమ్ అనే సీల్డ్ బ్యాటరీకే. లోపల గాజు పీచు పొరలు యాసిడ్‌ని పీల్చి పట్టుకుంటాయి. ఒలకదు, కుదుపులకు ఓర్చుకుంటుంది, బండి ఊరికే నిలబెట్టినా ఛార్జ్ మెల్లగా దిగుతుంది. ఓవర్‌ఛార్జ్ అంటే మాత్రం దీనికి పడదు. పోయిన నీళ్లు తిరిగి పోయడానికి దారి లేదు కదా. జెల్ అని అమ్మేవాటిలో చాలా వరకు నిజానికి ఏజీఎమ్‌లే.

లిథియం చేత్తో ఎత్తితే ఖాళీ డబ్బాలా ఉంటుంది, బరువు దాదాపు మూడో వంతే. కానీ గడ్డకట్టే చలిలో మొరాయిస్తుంది, మామూలు ఛార్జర్ పెడితే పాడవ్వొచ్చు, పూర్తిగా దిగిపోతే మళ్లీ లేవకపోవచ్చు. రేసు బండికి సరే. నా బండికి మాత్రం పెట్టను.

ఏది కొన్నా ముందు మల్టీమీటర్ పెట్టి చూడండి. ఇంజన్ ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టులుంటే మామూలు యాసిడ్ బ్యాటరీ, 12.8 ఉంటే ఏజీఎమ్ నిండుగా ఉన్నట్టే. ఇంజన్ రేజ్ చేసినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. 15 దాటిందంటే తప్పు ఛార్జింగ్‌ని అదుపు చేసే రెగ్యులేటర్‌ది. అది మార్చకుండా ఎంత మంచి బ్యాటరీ పెట్టినా ఉడికిపోతుంది.

విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు ముందు ప్లస్. నేనోసారి తొందరలో మైనస్ ఉండగానే ప్లస్ విప్పబోయాను, స్పానరు ఫ్రేముకి తగిలింది. ఆ స్పానరు మూతి మీద కాలిన మచ్చ ఇప్పటికీ అలాగే ఉంది.