బెజవాడ చలికాలంలో రోడ్డు సైకిలు: చలి కాదు, మంచుకి తడిసిన దుమ్ముతోనే తంటా

చలికాలంలో సైకిలు ఎలా చూసుకోవాలని యూట్యూబ్‌లో వెతికితే వచ్చేవన్నీ చలిదేశాల వాళ్ళ వీడియోలే. రోడ్ల మీద ఉప్పు చల్లుతారని, మేకులున్న టైర్లు వేసుకోవాలని, రెండు జతల గ్లవ్స్ తొడుక్కోవాలని చెబుతుంటారు. మనకి డిసెంబర్ తెల్లవారుజామున 17, 18 డిగ్రీలుంటేనే ఇంట్లోవాళ్ళు మంకీ క్యాపు తెచ్చి చేతిలో పెడతారు. నిజానికి మన చలికి సైకిలుకేమీ కాదు. రాత్రి కురిసిన మంచు రోడ్డు మీది దుమ్ముతో కలిసి పల్చటి పేస్టులా తయారవుతుంది, అది చైనులోకీ బ్రేకుల్లోకీ వెళ్ళి గరుకు కాగితం పెట్టి రుద్దినట్టు ఇనుమును అరగదీస్తుంది, అసలు తంటా అదీ. వానాకాలంలో అయితే బురద కంటికి కనిపిస్తుంది కాబట్టి కడుగుతాం. చలికాలంలో ఇంటికొచ్చేసరికి అంతా ఆరిపోయి సైకిలు శుభ్రంగా ఉన్నట్టే అనిపిస్తుంది, గోడకి ఆనించి స్నానానికి వెళ్ళిపోతాం. నేను అలా రెండు చలికాలాలు వెళ్ళిపోయి, రెండుసార్లూ ఫిబ్రవరిలో చైనుతోపాటు క్యాసెట్ (వెనక చక్రానికుండే గేరు పళ్ళ గుత్తి) కూడా కొన్నాను.

సైకిలు సంగతి తర్వాత, ముందు టైము చూద్దాం. ఎండాకాలంలో ఐదింటికల్లా బ్యారేజీ ఎక్కే అలవాటున్నవాళ్ళు నవంబర్ నుంచి ఆ అలవాటు మార్చుకోవాలి. మన దగ్గర సూర్యోదయం డిసెంబర్ చివర్లో ఆరున్నర దాటాక, జనవరి మధ్యలో 6:40 దాటాక. పొగమంచు పట్టిన రోజున అర్ధరాత్రికన్నా తెల్లవారేటప్పుడే ఎక్కువ చిక్కగా ఉంటుంది. కృష్ణ ఒక పక్క, మూడు కాలువలు ఇంకో పక్క, చుట్టూ తడి పొలాలు ఉన్నాయాయె, ఇక పొగమంచుకి లోటేముంది. అందుకే నేను ఏడింటికి ముందు గడప దాటను, కిటికీలోంచి చూస్తే ఎదురు వీధి చివరి కరెంటు స్తంభం కనపడకపోతే ఎనిమిది దాకా ఆగుతాను. ఎండ పడుతుందేమో అంటారు, జనవరిలో పదింటి ఎండ హాయిగానే ఉంటుంది. ఆఫీసుకి టైమైపోతుందంటే ఆ రోజుకి మానేయండి, సాయంత్రం తొక్కండి.

దారి సంగతి. బ్యారేజీ దాటి ఉండవల్లి మీదుగా కరకట్ట పట్టుకుని అమరావతి వెళ్ళే రూటు చలికాలంలో చాలా బాగుంటుంది, కాదనను. కానీ ప్రకాశం బ్యారేజీ 1957 నాటిది, కిలోమీటరు పైన పొడవు, రోడ్డు మాత్రం ఇరుకు. దాని మీద అడ్డంగా వచ్చే అతుకుల దగ్గర మంచు తడి ఉంటే సన్న టైరు సర్రున జారుతుంది. హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు పట్టకుండా, తిన్నగా దాటేయాలి. ఫ్లైఓవర్ల మీది అతుకులకీ, రైలు పట్టాలకీ, తెల్ల పెయింటు గీతలకీ ఇదే పద్ధతి. డిసెంబర్‌లో భవానీ దీక్షల విరమణ రోజుల్లో ఇంద్రకీలాద్రి వైపు తెల్లారకుండానే వేలమంది నడిచి వస్తుంటారు, ఆ నాలుగైదు రోజులు అటు వెళ్ళకపోవడమే మేలు.

బందరు రోడ్డు, కాలువ గట్ల వైపు వెళ్ళేవాళ్ళకి ఇంకో రకం ప్రమాదం ఉంది. వరి కోతలైపోయాక ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు, రాత్రికి పట్టాలు కప్పి, అవి ఎగరకుండా అంచున పెద్ద పెద్ద రాళ్ళు పెడతారు. రైతుని తప్పుపట్టడానికేం లేదు, ఆరబోసుకోవడానికి వేరే చోటు ఉంటే ఆయన మాత్రం రోడ్డెక్కుతాడా. కానీ నల్ల పట్టా, నల్ల రోడ్డు, పైన పొగమంచు, ఇక ఆ రాయి పది అడుగుల దూరం దాకా కనపడదు. వరిగడ్డి ఇంకో తలనొప్పి. ఒక్క పోచ వెనక గేరు దగ్గర చుట్టుకుందంటే చైను ఎగిరెగిరి పడుతుంది. అప్పుడు గట్టిగా తొక్కితే డిరైలర్ (గేరు మార్చడానికి చైనుని జరిపే భాగం) వంకరపోయి చక్రం పుల్లల్లో పడుతుంది, వెంటనే ఆపి చేత్తో లాగేయండి. వెనక లైటు లేని చెరకు ట్రాక్టర్లు, హైవే పక్కన ఆపి ఉంచిన లారీలు గురించి మీకు తెలిసిందే.

లైట్ల విషయంలో ఒక్క మాట. పొగమంచులో వెనక ఎర్ర లైటు మిణుకు మిణుకుమనేలా కాకుండా స్థిరంగా వెలిగేలా పెట్టండి. మిణుకుమనే లైటు దృష్టిని లాగుతుంది గానీ అది ఎంత దూరంలో ఉందో వెనక వచ్చే డ్రైవరుకి అంచనా దొరకదు. రెండు లైట్లుంటే ఒకటి అలా, ఒకటి ఇలా పెట్టుకోవచ్చు. ముందు లైటును రోడ్డు వైపుకి వంచండి, తిన్నగా కొడితే పొగమంచు మీద పడి వెలుతురంతా మీ కళ్ళలోకే వస్తుంది. ఆటోల వాళ్ళు అంటించుకునే రేడియం స్టిక్కరు కొని పెడళ్ళ వెనకా, హెల్మెట్ వెనకా ముక్కలు అంటించండి. పైకీ కిందకీ కదిలే పెడల్ మెరుపు చూస్తే అది సైకిలని ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది.

బట్టలకి పెద్దగా ఖర్చు పెట్టక్కర్లేదు. బయల్దేరిన మొదటి పది నిమిషాలు కొంచెం వణికితే సరిగ్గా వేసుకున్నట్టే, గుమ్మంలోనే వెచ్చగా ఉందంటే తాడేపల్లి చేరేసరికి చెమటతో తడిసిపోతారు. పల్చటి ఫుల్ హ్యాండ్స్, చెవులకి రుమాలు చాలు. గాలి మరీ కోస్తుంటే టీ కొట్టులో నిన్నటి పేపరు అడిగి ఛాతీ దగ్గర జెర్సీ లోపల పెట్టుకోండి, పాతకాలపు రేసర్లు కొండలు దిగేటప్పుడు చేసిన పనే అది. దాహం వేయట్లేదని నీళ్ళు మాత్రం మానొద్దు.

ఇక సైకిలు దగ్గరికి వద్దాం. తిరిగొచ్చిన ప్రతిసారీ పది నిమిషాలు, స్నానానికి ముందే. పాత బనియను ముక్క ఒకటి పొడిగా, ఒకటి కొంచెం తడిపి పెట్టుకోండి. తడిగుడ్డతో ఫ్రేము, రిమ్ములు తుడవండి, పొడిగుడ్డతో చైనుని పట్టుకుని పెడల్ వెనక్కి ఓ ఇరవై, ముప్ఫై తిప్పులు తిప్పండి. గుడ్డ మీద నల్లటి చార రావడం తగ్గేదాకా తిప్పి ఆపేయండి. అంతే. వారానికోసారి చేసే పెద్ద సర్వీసుకన్నా రోజూ చేసే ఈ తుడుపే చైను ప్రాణం నిలబెడుతుంది, ఎందుకంటే ఆ పేస్టు ఆరి గట్టిపడకముందే వచ్చేస్తుంది.

నూనె గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. చాలామంది ఇంట్లో ఉందని కొబ్బరినూనె వేస్తారు. చలికాలంలో ఆ సీసా గడ్డకట్టి, ఎండలో పెడితే తప్ప నూనె రాదని మనకి తెలుసు కదా, 24 డిగ్రీలకి దిగువన అది చైనులోనూ గడ్డే కడుతుంది, దానికి దుమ్ము అంటుకుంటే ఇక చెప్పక్కర్లేదు. బండిలోంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ ఇంకా ఘోరం, అందులో అప్పటికే ఇనుప రజను ఉంటుంది. డబ్ల్యూడీ-40 మురికిని వదలగొట్టడానికి బాగానే పనికొస్తుంది గానీ, ఆ మామూలు నీలం డబ్బా చైను నూనె కాదు. సైకిలు షాపుల్లో అమ్మే చైను నూనెల్లో డ్రై, వెట్ అని రెండు రకాలుంటాయి. మన చలికాలానికి డ్రై రకమే సరైనది, జిగురుగా ఉండే వెట్ రకం దుమ్ముని పిలిచి కూర్చోబెడుతుంది. ఏదీ దొరక్కపోతే కుట్టుమిషన్ నూనె వేయండి. త్వరగా ఆవిరైపోయినట్టు అనిపిస్తుంది, వారానికి రెండుసార్లు వేసుకోవాలి, అయినా హాని లేదు.

వేసే పద్ధతి ముఖ్యం. బయల్దేరే ముందు కాదు, ముందు రోజు రాత్రి వేయాలి. కింది వరస చైను లోపలి వైపున ఒక్కో రోలరు (చైను లింకుల మధ్య తిరిగే చిన్న గుండ్రటి ముక్క) మీద ఒక్కో చుక్క చొప్పున, అంటే నూటపది చుక్కలకి అటూఇటూ, ఓపిగ్గా వేసి నెమ్మదిగా వెనక్కి తిప్పండి. పొద్దున లేచి పైపైన ఉన్నదంతా తుడిచేయండి. నూనె పని చేసేది లింకులని కలిపే పిన్నుల లోపల, బయట మెరుస్తున్నదంతా దుమ్ముకి ఆహ్వాన పత్రికే.

నెలకోసారి చైను సాగిందేమో కొలవండి. స్టీలు టేపు చాలు. టేపు కొక్కెం కాస్త కదులుతుంటుంది కాబట్టి సున్నా దగ్గర కాకుండా 1 అంగుళం గీతని ఒక పిన్ను మధ్యలో పెట్టి, 13 అంగుళాల దగ్గర చూడండి. కొత్త చైనుకైతే అక్కడ సరిగ్గా ఇంకో పిన్ను మధ్య భాగం ఉంటుంది. అది గీతని దాటి అంగుళంలో 16వ వంతు పోయిందంటే చైను మార్చేయాలి. 8వ వంతు దాకా ఊరుకుంటే క్యాసెట్ పళ్ళు కూడా ఆ అరిగిన చైనుకి తగ్గట్టే అరిగిపోతాయి, తర్వాత కొత్త చైను వేసినా జారుతూనే ఉంటుంది. నా రెండు ఫిబ్రవరిల కథ ఇదే.

కడగాలనిపిస్తే బకెట్టు, మగ్గు, కాస్త షాంపూ. టూవీలర్ల వాటర్ సర్వీసింగ్ గన్‌కి మాత్రం అప్పగించొద్దు. ఒకసారి బద్ధకించి ఒక షాపులో అలా కొట్టించాను, తళతళా మెరిసింది, నెల తిరక్కుండా పెడళ్ళ మధ్య బేరింగులు కరకరమనడం మొదలుపెట్టాయి. విప్పి చూస్తే గ్రీజు ఉండాల్సిన చోట తుప్పు నీళ్ళు! ఆ గన్ ఒత్తిడికి నీళ్ళు సీళ్ళు దాటుకుని లోపలికి పోతాయి, మళ్ళీ బయటికి రావడానికి దారుండదు.

రిమ్ బ్రేకులు (ప్యాడ్లు రిమ్మునే నొక్కి ఆపేవి) ఉన్నవాళ్ళు వారానికోసారి చక్రం తీసి ప్యాడ్ల ముఖం చూడండి. ఇసుక రేణువులు, అల్యూమినియం తునకలు గుచ్చుకుని ఉంటే పిన్నీసుతో పెకలించండి, లేకపోతే ప్రతి బ్రేకుకీ రిమ్ము మీద గీతలు పడుతుంటాయి. డిస్కు బ్రేకులైతే మంచు తడికి మొదటి రెండు మూడు బ్రేకులు కీచుమంటాయి, కంగారుపడి నూనె గానీ స్ప్రే గానీ కొట్టొద్దు, ఆరితే అదే పోతుంది. నూనె తగిలిన డిస్కు ప్యాడ్లు సాధారణంగా పారేయాల్సిందే.

టైర్లలో గాలి మన చలికి పెద్దగా తగ్గదు గానీ ట్యూబులోంచి మామూలుగానే కొద్దికొద్దిగా పోతుంటుంది, కాబట్టి వారానికోసారి పంపు పెట్టండి. టైరు పక్కన రాసి ఉన్న అంకె గరిష్ఠం, అంత కొట్టమని కాదు. 70 కిలోల నేను 28 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లకి వెనక 75, ముందు 70 పీఎస్‌ఐ పెడతాను, రోడ్డు తడిగా ఉంటే ఐదు తగ్గిస్తాను. సన్న వాల్వు ఉన్నవాళ్ళు చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో వేసుకోండి, అది లేకపోతే పంచరు షాపు కంప్రెసర్ మీ ట్యూబుకి పట్టదు.

పంచర్ల సీజను కూడా ఇదే. వానలకి కరకట్ట వెంబడి మొలిచిన పల్లేరు ఈ నెలల్లో ఎండిపోయి కాయలు రోడ్డు అంచుకి చేరతాయి, వాటికి తుమ్మముళ్ళు తోడు. అంచుకి మరీ దగ్గరగా తొక్కకండి. పంచరు పడితే ట్యూబు మార్చే ముందు ముల్లు దొరకాలి, లేదంటే అరగంటలో రెండోది పడుతుంది. దీనికో చిట్కా: టైరు బిగించేటప్పుడే దాని మీది కంపెనీ పేరు సరిగ్గా వాల్వు దగ్గరే వచ్చేలా పెట్టండి. ట్యూబులో కన్నం వాల్వుకి ఎంత దూరంలో ఉందో చూస్తే టైరులో ముల్లు ఎక్కడుందో తెలిసిపోతుంది. వేలితో తడమొద్దు, దూది ముక్కతో లోపల రాయండి, ముల్లు ఉన్నచోట దూది పట్టుకుంటుంది, రక్తం రాదు. రోడ్డు మీద ట్యూబు మార్చడమే మంచిది, ప్యాచ్ ఇంటికొచ్చాక తీరిగ్గా వేసుకోండి. మంచు గాలికి సొల్యూషన్ ఆరడం ఆలస్యమవుతుంది, మెరుపు పూర్తిగా పోయి మసకబారాకే ప్యాచ్ అంటించాలి.

చివరగా తుపాను. డిసెంబర్ వచ్చింది, ఇక వానలు లేవులే అని మడ్‌గార్డులు విప్పి అటకెక్కించకండి, 2023లో మిగ్‌జాం తుపాను డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వానలో తడిసిన సైకిలు సీటు పైపు దగ్గర్నుంచి ఫ్రేములోకి నీళ్ళు తాగుతుంది. ఇంటికి రాగానే సీటు ఎంత లోతులో ఉందో అంటించే టేపు ముక్కతో గుర్తు పెట్టుకుని, పోస్టు (సీటు కింది గొట్టం) బయటికి లాగి, సైకిలు తలకిందులుగా పెట్టి గంటసేపు వదిలేయండి. నీళ్ళు కారాక పోస్టు తుడిచి, మామూలుదైతే గ్రీజు పల్చగా రాసి, కార్బన్‌దైతే గ్రీజు కాకుండా దానికి వేరేగా అమ్మే పేస్టు రాసి, ఆ గుర్తు దాకా దింపి బిగించండి.