బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనేముందు నెట్ ఆపి చూడండి

రెండు మూడు శాఖలున్న హోటల్‌కు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు అమ్మకందారు చూపించే డెమోలో అన్నీ సవ్యంగానే నడుస్తాయి; ఆదివారం మధ్యాహ్నం గాజువాక శాఖలో నెట్ పోయినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. అందుచేత సంతకానికి ముందే, రద్దీ లేని సాయంత్రం 4 గంటల వేళ, మన కౌంటర్‌లోనే రౌటర్‌ను అరగంట ఆపి (అమ్మకందారు ఫోన్ హాట్‌స్పాట్ కూడా ఆపించాలి, మరచిపోకండి), 20 నమూనా ఆర్డర్లు కొట్టించి, రెండింటిని రద్దు చేయించి, ఒక బిల్లును ముగ్గురికి విడగొట్టించండి. నెట్ తిరిగి వచ్చాక వంటగది చీటీలు, బిల్లు నంబర్ల వరుస, 5 శాతం జీఎస్టీ లెక్క సరిపోవాలి. మెనూ, అమ్మకాల వివరాలను మనమే ఎక్సెల్‌లోకి దించుకోగలమేమో కూడా అప్పుడే చూడండి. స్విగ్గీ, జొమాటో ఆర్డర్ల విషయంలో మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. అవి నెట్ లేనిదే రావు కాబట్టి విడిగా పరీక్షించుకోవాలి.