ఫ్యాన్ శబ్దం మారిందా? ముందు స్విచ్ ఆపి వినండి

విజయవాడ, గుంటూరుల్లో ఏప్రిల్ వచ్చిందంటే ఫ్యాన్‌కి రాత్రీ పగలూ విశ్రాంతి ఉండదు. శబ్దం కాస్త మారగానే 'బేరింగులు పోయాయి' అనేసుకుని దించేయకండి. ఫుల్ స్పీడులో ఉండగా స్విచ్ ఆపి వినండి. రెక్కలు ఇంకా తిరుగుతుండగానే శబ్దం టక్కున ఆగితే అది కరెంటు వల్ల వస్తున్నది. రెక్కలతో పాటే మెల్లగా తగ్గితే ఎక్కడో ఏదో వదులైంది, లేదా అరిగింది.

కరెంటు శబ్దం గుంయ్‌మని ఉంటుంది. తక్కువ స్పీడులో వచ్చి 5లో పెట్టగానే పోతే ఫ్యాన్‌లో లోపం లేదు. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటును ముక్కలు ముక్కలుగా పంపడంతో వైండింగ్ (మోటారులో చుట్టిన తీగ) అదురుతోంది. కెపాసిటర్ రకం స్టెప్ రెగ్యులేటర్ వేయిస్తే సరిపోతుంది. అదే ఫ్యాన్ గుంయ్‌మంటూ కదలకుండా ఉండి, కర్రతో తోస్తే తిరిగితే కండెన్సర్ (ఫ్యాన్ తిరగడం మొదలుపెట్టించే కెపాసిటర్) బలహీనపడినట్టే. పాతదాని మీద 2.5 మైక్రోఫారడ్ అని ఉంటే 2.5, 3.15 ఉంటే 3.15 కొనండి. గాలి ఎక్కువొస్తుందని పెద్దది వేయిస్తే వైండింగ్ వేడెక్కి కాలిపోవచ్చు.

తిరిగే ప్రతి చుట్టుకీ టకటకమంటుంటే మెయిన్ ఆపి నిచ్చెన ఎక్కండి. రెక్కల స్క్రూలు, పైన గిన్నె రాడ్‌కి తగులుతోందేమో, కొక్కెం దగ్గర రబ్బరు, బోల్టు, అది జారకుండా పెట్టే స్ప్లిట్ పిన్ వరసగా చూడండి. పిన్ లేకపోతే కొత్తది పెట్టేదాకా ఆ ఫ్యాన్ వేయకండి. బోల్టు జారితే ఫ్యాన్ మనుషుల మీదే పడుతుంది. అన్నీ బిగించినా ఊగుతుంటే స్లాబు నుంచి ఒక్కో రెక్క కొసకి టేపుతో కొలవండి. తేడా ఉన్న రెక్క వంగింది. రెక్కలు బరువు సరిచూసి సెట్టుగా ఇస్తారు కాబట్టి ఒక్కటే మార్చితే మళ్లీ ఊగుతుంది.

స్విచ్ ఆపాక కూడా రెక్కలు తిరుగుతున్నంతసేపూ గరగరమంటే అప్పుడు బేరింగులే. పైనుంచి నూనె పోస్తే మూసి ఉన్న బేరింగ్‌లోకి వెళ్లదు, దుమ్ముతో కలిసి వైండింగ్‌లోకి దిగుతుంది. పాతదాని మీద చెక్కిన నంబరు (6202 లాంటిది) చూపించి, పైదీ కిందదీ రెండూ ఒకేసారి మార్పించండి.

మిక్సీ అయితే జార్ తీసి రెండు సెకన్లు తిప్పండి. మోటారు శబ్దం మామూలుగా ఉంటే తేడా జార్‌లోనే. బ్లేడుని గుడ్డతో పట్టుకుని కదిపితే పక్కలకి ఆడుతోందా? జార్ అడుగున నల్లటి జిడ్డు కారుతోందా? బుష్ (బ్లేడు ఇరుసు తిరిగే చిన్న గొట్టం) అరిగిపోయింది. ఎండుమిర్చి, గోంగూర పచ్చడి ఏదైనా సరే, బుష్ మార్చేదాకా ఆ జార్‌లో వేయకండి. ఆ నలుపు తినేదాంట్లో కలుస్తుంది. మోటారు జోరుగా తిరిగి బ్లేడు ఆగిపోతే కప్లర్ (మోటారునీ జార్‌నీ కలిపే ముక్క) పళ్లు అరిగాయి, దీన్ని ఇంట్లోనే మార్చుకోవచ్చు.

ఫ్రిజ్‌లో రాత్రిపూట అప్పుడప్పుడూ వచ్చే టప్ శబ్దం ప్లాస్టిక్ చలికి ముడుచుకోవడం వల్లే, పట్టించుకోనక్కర్లేదు. కొద్ది నిమిషాలకోసారి గుం అని మొదలై టక్‌మని ఆగుతుంటే మాత్రం ఓల్టేజీ తక్కువగా ఉండవచ్చు, లేదా కంప్రెసర్‌ని మొదలుపెట్టించే రిలే పోయి ఉండవచ్చు. వెంటనే ఆపి, కనీసం 5 నిమిషాలు ఆగి, ఓల్టేజీ చూసుకున్నాకే వేయండి.