పాత మోటారు బోటు మొదటిసారి కొంటున్నారా? కొనేముందు ఏమేం చూడాలి, ఎలా చూడాలి

బోటు నీళ్ళ మీద ఉండాలి, నీళ్ళు బోటులో ఉండకూడదు. పాత మోటారు బోటును పరీక్షించడమంటే ఈ ఒక్క మాటను పట్టుకుని అంగుళం అంగుళం వెతకడమే. చెక్కలోకి, గేర్ ఆయిల్‌లోకి, పెట్రోలు ట్యాంకులోకి, వైర్లలోకి నీళ్ళు ఎక్కడ చేరాయో కనిపెట్టగలిగితే చాలు, పెద్ద నష్టాలు చాలావరకు తప్పుతాయి. పెయింటు వెలిసిపోవడం, సీటు చిరిగిపోవడం, గీతలు పడడం కంటికి ముందు కనిపిస్తాయి గానీ వాటిని బాగుచేయడం తేలిక. కనపడని తడి మాత్రం మోటారు ఖరీదు కంటే ఎక్కువ లాగేస్తుంది.

చూడటానికి వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళాల్సినవి: టార్చిలైటు, చిన్న రబ్బరు సుత్తి, చేతి అద్దం, రెండు మూడు తెల్ల గుడ్డలు, స్క్రూడ్రైవర్, స్పార్క్ ప్లగ్ స్పానర్. పగటిపూటే వెళ్ళండి. బోటు నీళ్ళలో ఉంటే బయటికి తీయించి చూపించమనండి. అడుగుభాగం చూడకుండా బేరం మొదలుపెట్టొద్దు.

1. వెళ్ళేముందు ఫోన్‌లోనే అడిగేయండి

చివరిసారి ఎప్పుడు నడిపారు? ఉప్పునీళ్ళలోనా, మంచినీళ్ళలోనా? ఇంజను ఎన్ని గంటలు తిరిగింది? సర్వీసు చేయించిన బిల్లులు ఉన్నాయా? ఎందుకు అమ్ముతున్నారు? జవాబుల కంటే, జవాబు చెప్పే తీరే ఎక్కువ తెలుపుతుంది. చివరి సర్వీసు నెలతో సహా గుర్తున్న మనిషి బోటును చూసుకున్న మనిషే.

ఇంకో మాట గట్టిగా చెప్పండి: "నేను వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయొద్దు." ముందే వేడెక్కిన ఇంజను ఏదైనా సరే ఒక్క తాడుకో, ఒక్క తాళానికో లేస్తుంది. దాని అసలు గుణం చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. వెళ్ళగానే మూత తీసి ఇంజను మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే కారణం అడగండి, లేదా ఇంకో రోజు వస్తానని చెప్పండి.

2. నంబర్లు, కాగితాలు

ఫైబర్ బోటుకైనా, అల్యూమినియం బోటుకైనా వెనక గోడ బయటివైపు, కుడి పక్క పై మూలన, హల్ (అంటే బోటు ఒళ్ళు) గుర్తింపు నంబరు చెక్కి ఉంటుంది. అమెరికాలో 1972 నుంచి ఇది తప్పనిసరి. అక్కడి పద్ధతిలో మొత్తం 12 అక్షరాలు, అంకెలు: మొదటి 3 తయారీదారు కోడ్, 1984 తరవాతి బోట్లలో చివరి 2 అంకెలు మోడల్ సంవత్సరం. యూరప్ పద్ధతిలో దీనికి ముందు దేశం కోడ్ కూడా చేరుతుంది. ఏ పద్ధతైనా, ఆ నంబరు రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్నదానితో అక్షరం అక్షరం సరిపోవాలి. నంబరు పక్కన సుత్తి దెబ్బలు, అరగదీసిన గుర్తులు, కొత్తగా పూసిన పెయింటు కనిపిస్తే అక్కడితో ఆపేయండి.

మోటారు నంబరు వేరు, ట్రైలర్ నంబరు వేరు. మూడింటికీ కాగితాలు విడివిడిగా చూడాలి. బోటు మీద అప్పు మిగిలి ఉందేమో కూడా తెలుసుకోండి. కొన్నిచోట్ల బోటు చేతులు మారినా అప్పు దాన్ని వదిలిపెట్టదు.

3. హల్: కళ్ళతో కాదు, చెవులతో చూడాలి

ముందు కాస్త దూరంగా, బోటు వెనక నిలబడి, అంచు వెంబడి చూపు నిలపండి. ఎండలో మెరుపు ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ ఉన్నా, రంగు కొంచెం తేడాగా ఉన్నా అక్కడ రిపేరు జరిగినట్టే. రిపేరు జరగడం తప్పు కాదు, దాచడం తప్పు. ఫొటోలు, బిల్లులు చూపించమని అడగండి.

ఫైబర్ బోటు పైన జెల్‌కోట్ అనే గట్టి పొర ఉంటుంది. దానిమీద సాలెగూడులా సన్నని పగుళ్ళు ఒక స్తంభం చుట్టూనో, మూలలోనో ఉంటే చాలాసార్లు పై పొరకే పరిమితం. అదే పగుళ్ళు అడుగుభాగంలో ఒక గీతలా సాగుతూ ఉంటే, లేదా వెనక గోడ, పక్క గోడ కలిసే మూలల్లో ఉంటే లోపలి నిర్మాణం కదిలిందని అనుమానించాలి. నీటిమట్టానికి కింద చిన్న చిన్న బొబ్బలు కనిపిస్తే నీరు జెల్‌కోట్ దాటి లోపలికి చేరుతోందని అర్థం. నాలుగైదు ఉంటే రిపేరు చేయించుకోవచ్చు. అడుగంతా పొక్కులతో నిండిపోతే పని పెద్దది.

అసలు సమయం వెచ్చించాల్సింది వెనక గోడ దగ్గర. దాన్ని ట్రాన్సమ్ అంటారు. మోటారు బరువంతా మోసేది, దాని తోపునంతా తట్టుకునేది ఇదే. పాత ఫైబర్ బోట్లలో చాలావాటికి రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. మోటారు బిగించిన బోల్టుల దగ్గర సీలు పోతే, నీళ్ళు ఆ ప్లైవుడ్‌లోకి దిగి ఏళ్ళ తరబడి దాన్ని నానబెడతాయి. బయట గోడ నిగనిగలాడుతూనే ఉంటుంది.

రబ్బరు సుత్తితో పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి, నాలుగు వేళ్ళ దూరంలో మెల్లగా కొడుతూ రండి. గట్టి చోట టక్ టక్‌మని కొబ్బరికాయ మీద కొట్టినట్టు శబ్దం స్పష్టంగా వస్తుంది. తడిసి కుళ్ళిన చోట అదే దెబ్బకు దబ్‌మని, తడి మూట మీద కొట్టినట్టు మూగగా వస్తుంది. ఒక్కసారి ఈ తేడా విన్న చెవి మళ్ళీ మరచిపోదు. తరవాత మోటారును కొంచెం పైకి ఎత్తి, దాని అడుగుభాగాన్ని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ బలంగా ఊపండి. ఒకరు ఊపుతుంటే ఇంకొకరు ట్రాన్సమ్‌నే చూడాలి. గోడ వంగినా, బోల్టుల చుట్టూ పగుళ్ళు తెరుచుకున్నా ఆ బోటు మీకు వద్దు.

ఇది నా అనుభవంతో చెబుతున్న మాట. నేను కొన్న మొదటి బోటుకు వెనక భాగమంతా కొత్త కార్పెట్ వేసి ఉంది. శుభ్రంగా ఉంచుకున్నారని సంతోషించాను, ఎత్తి చూడలేదు. మూడు నెలల తరవాత మోటారు మార్చడానికి ఒక బోల్టు విప్పితే, ఆ రంధ్రంలోంచి టీ డికాషన్ రంగు నీళ్ళు కారాయి. వెనకే వేలితో నలిపితే పొడయ్యే చెక్క ముక్కలు. ట్రాన్సమ్ మొత్తం కోసి తీయాల్సి వచ్చింది. అప్పటినుంచి, పాత బోటులో ఒక్క చోట మాత్రమే కొత్తగా ఉన్న కార్పెట్, కొత్త పెయింటు కనిపిస్తే అక్కడే మొదట మోకాళ్ళ మీద కూర్చుంటున్నాను.

బోటు లోపలి నేల మీద నడిచి చూడండి, పాదం కింద మెత్తగా దిగుతుందేమో గమనించండి. నేల కింద పొడవునా ఉండే దన్నులు, స్ట్రింగర్లు అంటారు, కుళ్ళితే ముందు నేలే చెబుతుంది. బోటు ముక్కును పైకి ఎత్తి పెట్టి, వెనక డ్రెయిన్ ప్లగ్ తీయించండి. చాలా రోజులుగా పొడిగా, కప్పి ఉంచామన్న బోటులోంచి ధారగా నీళ్ళు వస్తే, బోటు తేలడానికి లోపల నింపిన ఫోమ్ నీళ్ళు తాగి ఉండొచ్చు. ఒక లీటరు నీరు ఒక కిలో బరువు. ఫోమ్ రెండు వందల లీటర్లు తాగితే మీరు ఇంకో ముగ్గురిని ఎక్కించుకుని తిరుగుతున్నట్టే.

అల్యూమినియం బోటయితే చెక్క బాధ తక్కువ, కానీ చిన్న చిన్న గుంటలు పడే తుప్పు, వదులైన రివెట్లు చూడాలి. ట్రైలర్ మీద ఉండగానే లోపల నాలుగైదు బకెట్ల నీళ్ళు పోసి, కింద పడుకుని టార్చి వేసి చూడండి. కారే రివెట్టు ఏదైనా ఉంటే కాసేపట్లో చుక్క చుక్కగా పట్టిస్తుంది. రాగి కలిసిన అడుగు పెయింటు అల్యూమినియం మీద పూసి ఉంటే అది లోహాన్ని తినేస్తుంది, దాన్ని కూడా గమనించండి.

4. మోటారు

మొదటిసారి కొనేవాళ్ళకు నా సలహా ఔట్‌బోర్డ్ మోటారు, అంటే వెనక గోడకు బయట తగిలించే మోటారు, ఉన్న బోటే. చేతికి అందుతుంది, పైకి ఎత్తవచ్చు, పాడైతే మొత్తం మార్చేయవచ్చు.

గేర్ ఆయిల్‌తో మొదలుపెట్టండి. ప్రొపెల్లర్‌కు ముందు ఉండే గేర్ డబ్బా కింది స్క్రూను అర తిప్పు వదులు చేసి, మొదటి చుక్కలను తెల్ల గుడ్డ మీద పట్టండి. నీరు నూనె కంటే బరువు కాబట్టి, లోపల నీరు ఉంటే ముందు నీళ్ళే వస్తాయి. నూనె పాలు కలిపిన కాఫీలా తెల్లగా ఉంటే సీళ్ళు పోయాయని, నీరు లోపలికి వస్తోందని. స్క్రూ చివర అయస్కాంతం మీద మెత్తని నల్లటి ముద్ద ఉండటం మామూలే. గోటితో పట్టుకోగలిగే లోహపు ముక్కలు ఉంటే గేర్లు అరిగిపోతున్నాయి. పనిలో పనిగా ప్రొపెల్లర్‌కూ గేర్ డబ్బాకూ మధ్య షాఫ్ట్‌కు చేపల గాలపు దారం చుట్టుకుందేమో చూడండి. సీళ్ళను కోసేది చాలాసార్లు అదే.

స్పార్క్ ప్లగ్‌లు తీసి వరసగా పెట్టండి. అన్నీ దాదాపు ఒకే రంగులో ఉండాలి. ఒక్కటి మాత్రం తడిగానో, తుప్పుగానో ఉంటే ఆ సిలిండర్ కథ వేరు. ప్లగ్‌లు తీసినప్పుడే, ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ పరీక్ష చేయించండి. అంకె ఎంత అనేది మోటారును బట్టి మారుతుంది, ముఖ్యమైంది సిలిండర్ల మధ్య తేడా. సుమారు 10 శాతం దాటి తేడా ఉంటే మెకానిక్ చూడాల్సిందే.

తరవాత చల్లని ఇంజను స్టార్ట్ చేయండి. నేల మీద అయితే నీటి పైపు తగిలించకుండా చేయొద్దు, నీళ్ళు పైకి తోడే ఇంపెల్లర్ రబ్బరు ఎండిపోయి కొద్ది క్షణాల్లోనే కాలిపోతుంది. ఇంజను పక్కనుంచి సన్నని నీటిధార గట్టిగా రావాలి. ధార బలహీనంగా, ఆగి ఆగి వస్తే చల్లబరిచే దారిలో ఎక్కడో అడ్డం ఉంది. కేవలం ఇంపెల్లర్ అయితే చిన్న ఖర్చు, ఉప్పు పేరుకుపోయి లోపలి దారులు మూసుకుంటే పెద్దది.

గంటల లెక్క విషయంలో చాలామంది తప్పు చేస్తారు. తక్కువ గంటలు తిరిగిందంటే మంచిదని అనుకుంటారు. సరదాకు వాడే బోటు ఏడాదికి 50 నుంచి 100 గంటలు తిరగడం మామూలే. పదిహేనేళ్ళలో 120 గంటలు మాత్రమే తిరిగిందంటే, మిగతా కాలమంతా సీళ్ళు ఎండుతూ, పెట్రోలు జిగురవుతూ నిలబడి ఉందన్నమాట. క్రమంగా తిరిగి, క్రమంగా సర్వీసు అయిన 600 గంటల మోటారునే నేను ఎంచుకుంటాను.

ఇంజను బోటు లోపల ఉండి, కాలు మాత్రం వెనక బయటికి వచ్చే స్టెర్న్‌డ్రైవ్ రకమైతే, ట్రాన్సమ్ దగ్గర ఉండే మడతల రబ్బరు తొడుగును ప్రతి మడత విప్పి చూడండి. అది చిరిగితే బోటు కట్టేసిన చోటే మునిగిపోగలదు. ఉప్పునీళ్ళలో తిరిగినదైతే ఇంజను పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లు ఎప్పుడు మార్చారో అడగండి. లోపలి ఇంజనుకు కారు స్టార్టరో, కారు ఆల్టర్నేటరో బిగించి ఉంటే అది ప్రమాదం. బోటు కోసం చేసినవాటిలో నిప్పురవ్వ బయటికి రాకుండా కట్టుదిట్టం ఉంటుంది, కారువాటిలో ఉండదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, అడుగున పేరుకుంటుంది. అందుకే లోపలి పెట్రోలు ఇంజను స్టార్ట్ చేసేముందు ఆ ఆవిరిని బయటికి పంపే ఫ్యాన్‌ను, అంటే బ్లోయర్‌ను, కనీసం 4 నిమిషాలు తిప్పాలి.

5. ఇంధనం, వైరింగ్, స్టీరింగ్

ట్యాంకు మూత తీసి వాసన చూడండి. పుల్లగా, వార్నిష్‌లా ఉంటే పాత పెట్రోలు. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుని అడుగున నీటి పొరగా విడిపోతుంది కూడా. పెట్రోలు గొట్టాన్ని వేళ్ళతో వంచి చూడండి, పగుళ్ళు కనిపిస్తే మార్చాల్సిందే. డాష్‌బోర్డు వెనక టార్చి వేయండి: ఇంట్లో వాడే వైర్లు మెలిపెట్టి టేపు చుట్టి ఉంటే మొత్తం వైరింగ్‌ను అనుమానించండి. నీళ్ళు తోడే బిల్జ్ పంపు ఫ్లోట్‌ను చేత్తో ఎత్తితే పంపు దానంతటదే తిరగాలి. స్టీరింగ్ చివరినుంచి చివరిదాకా పట్టేయకుండా తిరగాలి.

6. నీళ్ళలోకి దించి నడపండి

నీటి మీద నడపకుండా డబ్బు ఇవ్వొద్దు. దించిన వెంటనే ఐదు నిమిషాలు కదలకుండా ఉంచి లోపలి అడుగు చూడండి. వెనక భాగం హల్ మీది నీటిమట్టపు గీత కంటే లోతుగా కూర్చుంటే తడిసిన ఫోమ్ గుర్తుకు రావాలి.

కిల్ స్విచ్ తాడు లాగితే ఇంజను ఠక్కున ఆగాలి. ముందుకు, వెనక్కు గేరు మార్చినప్పుడు ఒక్క దెబ్బలో పడాలి. తరవాత ఖాళీ చోట పూర్తి వేగానికి తీసుకెళ్ళండి. ప్రతి మోటారుకు పూర్తి వేగంలో ఇంత నుంచి ఇంత ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) అని తయారీదారు చెబుతాడు. చాలా ఔట్‌బోర్డులకు అది 5000 నుంచి 6000 మధ్య ఉంటుంది. దానికి చేరలేకపోతే ఇంజను బలహీనమో, ప్రొపెల్లర్ సరిపడనిదో, బోటు నీళ్ళు తాగి బరువెక్కిందో. ప్రొపెల్లర్ పిచ్ (ఒక్క చుట్టుకు అది ముందుకు సాగాల్సిన దూరం) ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది, కాబట్టి తేడా కొద్దిగా ఉంటే భయపడక్కర్లేదు. కనీసం ఇరవై నిమిషాలు నడిపి, వేడి చూపే ముల్లును గమనిస్తూ ఉండండి. ఒడ్డుకు వచ్చాక వేడి ఇంజను ఆపి మళ్ళీ స్టార్ట్ చేయండి. చాలా జబ్బులు అప్పుడే బయటపడతాయి.

7. ట్రైలర్, సర్వేయర్, బేరం

ట్రైలర్ టైర్ మీద చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. చక్రం ఎత్తి తిప్పి బేరింగ్ శబ్దం వినండి.

బోటు ఖరీదు మీకు పెద్ద మొత్తమైతే, అమ్మేవాళ్ళతో సంబంధం లేని మెరైన్ సర్వేయర్‌ను, అంటే బోట్లను పరీక్షించే నిపుణుణ్ణి, మీరే పిలిపించుకోండి. తేమ కొలిచే మీటరు ఆయన దగ్గర ఉంటుంది, సుత్తి దెబ్బలో మీరు విన్నదాన్ని ఆయన అంకెలో చూపిస్తాడు. రిపోర్టులో వచ్చిన లోపాలకు రిపేరు అంచనా రాయించుకుని, ఆ కాగితం ముందు పెట్టుకునే ధర మాట్లాడండి.

బోటు మీదయ్యాక మొదటి వారంలోనే ఇంపెల్లర్, గేర్ ఆయిల్, ఇంధన ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు కొత్తవి వేయించండి. మోటారు లోహం తుప్పు పట్టకుండా దాని బదులు తామే కరిగే జింక్ ముక్కలు, ఆనోడ్‌లు అంటారు, సగం కరిగి ఉంటే వాటినీ మార్చండి. మార్చిన తేదీ, ఇంజను గంటలు ఒక చిన్న పుస్తకంలో రాసి, తడవకుండా కవరులో పెట్టి స్టీరింగ్ కింద ఉంచండి.