ఎయిర్ పిస్టల్ చెక్క గ్రిప్‌కి కొత్త ప్రాణం – 3వ భాగం: నూనె పట్టించడం, సీల్ చేయడం

పోయిన భాగంలో గాలి సిలిండర్ తీసేసి, లోపల పెల్లెట్ (చిన్న గుండు) లేదని చూసుకుని, స్క్రూ విప్పి గ్రిప్ బయటికి తీశాం కదా, పాత వార్నిష్ కూడా గీకేశాం. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది వెలిసిపోయిన వాల్‌నట్ చెక్క ముక్క. దాన్ని చూసి బెంగ పడకండి, తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే అసలు రంగు ఎలా ఉండబోతోందో అప్పుడే తెలిసిపోద్ది.

ముందు సొట్టల సంగతి. చెక్క నొక్కుకుపోయిన చోట తడిగుడ్డ వేసి పైన ఇస్త్రీ పెట్టె రెండు మూడు సెకన్లు ఆనించండి, ఆవిరి లోపలికి వెళ్ళి సొట్ట పైకి లేస్తుంది. తెగిపోయిన గాటు మాత్రం లేవదు, దానికి చెక్కపొడి, జిగురు కలిపి పెట్టుకోవాల్సిందే. ఆరాక 180 నంబర్ శాండ్‌పేపర్, తర్వాత 240, తర్వాత 320, ఎప్పుడూ గ్రెయిన్ (చెక్కలోని చారలు) వెంటే, అడ్డంగా రుద్దితే ఆ గీతలు నూనె పట్టాక వెక్కిరిస్తాయి. పిస్టల్ ఫ్రేమ్‌కి ఆనే లోపలి అంచు జోలికి అసలు పోవద్దు, అక్కడ అర మిల్లీమీటర్ పోయినా గ్రిప్ కదులుతుంది, ఇక గురి సంగతి మీకే తెలుసు.

ఇప్పుడు నూనె. బెంగళూరు ఎస్‌జేపీ రోడ్డులో హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్, అంటే త్వరగా ఆరే రకం అవిసె నూనె, ఇస్తారు, క్రికెట్ బ్యాట్‌కి రాసే పచ్చి అవిసె నూనె వద్దు, అది ఆరడానికి రోజులు కాదు వారాలు పడుద్ది. ఒట్టి నూనె చెమటని పెద్దగా ఆపదు కాబట్టి నేను సమానంగా మూడు పాళ్ళు కలుపుతా: నూనె, ఆయిల్ బేస్ పీయూ (పాలీయురెథేన్) వార్నిష్, టర్పెంటైన్. గుడ్డతో పల్చగా పట్టించి పావుగంట ఆగి, మిగిలింది మొత్తం తుడిచేయాలి, అంటే నిజంగా మొత్తం. రెండో కోటు వేసేటప్పుడు 400 పేపర్‌ని నూనెలోనే ముంచి రుద్దితే చెక్కపొడి, నూనె కలిసి ముద్దలా అయ్యి రంధ్రాల్లో కూరుకుంటుంది, వాల్‌నట్‌కి ఇదే అసలు కిటుకు.

మన బెంగళూరులో జూలైలో ఈ పని పెట్టుకుంటే ఓపిక కావాలి. మొదటిసారి నేను త్వరగా అయిపోద్దని మందంగా పూసి వదిలేశా, రోజుల తరబడి బంకబంకగానే ఉంది, పట్టుకుంటే అరచేతికి అతుక్కునేది, చివరికి టర్పెంటైన్‌తో అంతా కడిగి మళ్ళీ మొదటి నుంచి. అందుకే ఎండాకాలంలో అయితే కోటుకి ఒక రోజు, ముసురు పట్టినప్పుడు రెండు మూడు రోజులు. ఆరిందా లేదా అనేది 400 పేపర్ చెప్తుంది: పొడి రాలితే ఆరినట్టు, పేపర్‌కి బంక అంటుకుంటే ఇంకా లేదు.

నాలుగు కోట్లు చాలు. అద్దంలా మెరవాలని పైన క్లియర్ లాకర్ (మెరిసే గట్టి పూత) కొట్టే వాళ్ళున్నారు, ఫోటోకి బానే ఉంటది గానీ చెమట పట్టిన చేతిలో జారిపోద్ది, నాకైతే నచ్చదు. లోపలి వైపుకి కూడా ఒక్క పల్చటి కోటు వేసి తుడవండి, ఒక పక్కే సీల్ చేస్తే రెండో పక్క తేమ పీల్చుకుని చెక్క వంకర తిరిగే ఛాన్స్ ఉంది. స్క్రూ రంధ్రంలోకి మాత్రం నూనె పోనివ్వకండి.

ఇంకోటి, నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి డస్ట్‌బిన్‌లో పడేయొద్దు. ఆరేటప్పుడు ఆ నూనె గాలితో కలిసి వేడెక్కుతుంది, కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక దానంతట అదే నిప్పు అంటుకోవచ్చు, నిజంగానే. పీజీ రూముల్లో ఉండే తమ్ముళ్ళు ముఖ్యంగా వినండి, నీళ్ళలో తడిపి బాల్కనీ తీగ మీద విడివిడిగా ఆరేయండి.

చివరి కోటు తర్వాత రెండు వారాలు గ్రిప్‌ని పిస్టల్‌కి బిగించకండి, కేస్‌లో మూసి పెట్టకండి, గాలి తగిలేలా పుస్తకాల అర మీద నిలబెట్టండి. 4వ భాగంలో అరచేయి పట్టు కోసం స్టిప్లింగ్ (చెక్క మీద చిన్న చిన్న గుంటలు కొట్టి గరుకు చేయడం), దానికి చిన్న సుత్తి, మొన అరగదీసిన ఒక మేకు దగ్గర పెట్టుకోండి.