మోన్‌ఫ్రాగ్వేలో రాబందులను దగ్గరగా చూడటం ఎలా?

పశువు చనిపోతే ఊరి బయట రాబందులు గుంపుగా వాలడం చూసిన తరం మన దగ్గర నడివయసు దాటింది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు, వాటి కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. 2006లో పశువైద్యంలో ఆ మందును మన దేశం నిషేధించేసరికే ఆకాశం దాదాపు ఖాళీ అయింది. రాబందులతో నిండిన ఆకాశం ఎలా ఉంటుందో చూడాలంటే నేను చెప్పే చోటు స్పెయిన్‌లో, పోర్చుగల్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఎక్స్‌ట్రెమదూరా. అక్కడి మోన్‌ఫ్రాగ్వే జాతీయ పార్కును తాహో, తియెతార్ నదులు కోసుకుంటూ పోతాయి. ఒకప్పుడు అక్కడి సహజమైన అడవిని కొట్టేసి కాగితం గుజ్జు కోసం జామాయిల్ తోటలు వేస్తుంటే ప్రకృతి ప్రేమికులు గట్టిగా అడ్డుపడ్డారు. దాంతో 1979లో ఆ ప్రాంతానికి రక్షణ దొరికింది. 2007లో జాతీయ పార్కు అయింది.

1. ముందు నెల చూసుకోండి

మార్చి చివరి నుంచి మే వరకు అన్నిటికన్నా మంచి కాలం. కొండలు పూలతో ఉంటాయి, ఆఫ్రికా నుంచి వచ్చే పక్షులూ చేరిపోయి ఉంటాయి. జులై, ఆగస్టుల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రెంటచింతల ఎండకు అలవాటుపడినవాళ్లం కదా అనుకోవద్దు, అక్కడ నీడ బాగా తక్కువ. సెప్టెంబరులో ఎర్ర జింకల మగవి జత కోసం అరిచే అరుపులు లోయంతా వినిపిస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉత్తర యూరప్ క్రౌంచ పక్షులు వేల సంఖ్యలో ఇక్కడే చలికాలం గడుపుతాయి.

2. కారు తీసుకోండి

బస్సుల మీద ఆధారపడితే పార్కులో సగం కూడా చూడలేరు. మాడ్రిడ్ నుంచి త్రుహియో పట్టణం సుమారు 250 కిలోమీటర్లు. అక్కడి నుంచి పార్కు మీదుగా ప్లసెన్సియా వెళ్లే రోడ్డు ఉంది. షెంగెన్ వీసాతోపాటు, మన లైసెన్సుకు తోడుగా ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా దగ్గర ఉంచుకోండి. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి. మోన్‌ఫ్రాగ్వే అనే పేరుతో ఒక రైల్వే స్టేషను ఉంది. పేరు చూసి అక్కడ దిగితే ఇబ్బంది పడతారు, అది పార్కుకు చాలా దూరం.

బసకు దక్షిణాన తొర్రెహోన్ ఎల్ రూబియో గ్రామం అనుకూలం. పార్కు లోపలున్న ఒకే ఒక్క ఊరు వియ్యారియల్ దె సాన్ కార్లోస్. సందర్శకుల కేంద్రం అక్కడే ఉంది. ముందు అక్కడికి వెళ్లి పటం తీసుకోండి.

3. తెల్లవారుజామునే పరుగెత్తకండి

పక్షులంటే పొద్దున్నే లేవాలని మనకు అలవాటైన సలహా. రాబందుల విషయంలో అది పనికిరాదు. వాటి బరువుకు రెక్కలాడిస్తూ ఎగరడం చాలా శక్తి ఖర్చయ్యే పని. అందుకే ఎండకు రాళ్లు వేడెక్కి గాలి పైకి లేచేదాకా అవి కొండ అంచున కూర్చుని ఉంటాయి. పదింటికి మొదలై పదకొండుకల్లా ఒకదాని వెనుక ఒకటి సుడులు తిరుగుతూ పైకి వెళ్తాయి.

ఈ దృశ్యానికి చోటు సాల్టో దెల్ హితానో. రోడ్డు పక్కనే ఆగే స్థలం, కింద తాహో నది, అవతల నిలువునా లేచిన రాతి గోడ. ఆ గోడ పగుళ్లలో గ్రిఫాన్ రాబందుల గూళ్లు, వాటి రెట్టలతో తెల్లబారిన చారలు. దుర్భిణి లేకపోయినా చూడొచ్చు, ఉంటే గూట్లో పిల్ల మెడ చాచడం కూడా కనిపిస్తుంది. ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్ల నల్ల కొంగలు అదే గోడ మీద గూళ్లు పెడతాయి. వాటిని వెతకడానికి ఓపిక కావాలి.

తరువాత కొండ మీది పాత కోటకు వెళ్లండి. మెట్లెక్కి బురుజు మీద కూర్చోండి. కొద్దిసేపటికి రాబందులు మీ తల పైన కాదు, మీ కళ్ల ఎత్తులో, ఒక్కోసారి మీ కింద వెళ్తుంటాయి. ముందు నీడ రాళ్ల మీదుగా జారిపోతుంది, వెంటనే రెక్కల చివరి ఈకల్లోంచి గాలి కోసుకుపోయే చప్పుడు. ఆ సమయంలో ఫోటో కోసం ఫోను వెతుక్కునేవాళ్లు ఆ పక్షిని చూడనట్టే. ఇక్కడ కనీసం రెండు గంటలు పెట్టుకోండి.

4. ఏది ఏదో గుర్తుపట్టండి

గ్రిఫాన్‌కు లేత గోధుమరంగు ఒళ్లు, ముదురు రెక్క చివరలు. ఒళ్లంతా ముదురు రంగుతో, రెక్కలు చెక్కపలకల్లా చదునుగా చాచి వెళ్తే అది నల్ల రాబందు. విప్పిన రెక్కల కొలత దాదాపు 3 మీటర్లు. ఇది రాళ్ల మీద కాదు, చెట్ల మీద గూడు కడుతుంది. తెల్లటి ఒళ్లు, నల్ల రెక్క అంచులు, పసుపు ముఖం కనిపిస్తే అది తెల్ల రాబందు. మన దేశంలోనూ ఉన్న జాతే.

సాయంత్రం తియెతార్ నది వైపున్న పోర్తియ్యా దెల్ తియెతార్ దగ్గర ఆగండి. భుజాల మీద తెల్లటి పట్టీ ఉన్న స్పానిష్ ఇంపీరియల్ డేగ కోసం జనం అక్కడే నిలబడతారు. 1960లలో 30 జంటలకు పడిపోయిన ఈ డేగలు ఇప్పుడు 500 జంటలు దాటాయి.

5. దెహేసాలో నెమ్మదిగా నడవండి

ఓక్ చెట్లు దూరందూరంగా, కింద గడ్డి, గడ్డిలో పశువులు. దీన్ని దెహేసా అంటారు. చూడటానికి అడవిలా ఉన్నా మనుషులు తరాలుగా సాగుచేసుకుంటున్న నేల అది. సీసా బిరడాలకు వాడే కార్క్ ఇక్కడి చెట్ల బెరడే. తొమ్మిదేళ్లకోసారి వేసవిలో ఒలుస్తారు. ఒలిచిన కాండం ఇటుక ఎరుపులో మెరుస్తుంది. శరదృతువు చివర్లో నల్ల పందులు రాలిన ఓక్ కాయలు తింటూ తిరుగుతాయి. నడకదారిలో గేటు తెరిస్తే మళ్లీ వేసి వెళ్లండి, లేదంటే పశువులు దాటిపోతాయి.

6. తిరుగు ప్రయాణంలో మైదానం

త్రుహియో ఎద్దుల పోటీ మైదానం పైకప్పు పెంకుల కింద చిన్న కెస్ట్రెల్ డేగలు కాపురముంటాయి. వసంతంలో అక్కడ ఆగండి. అక్కడి నుంచి కాసెరెస్ వైపు వెళ్తే పచ్చిక మైదానాలు. రోళ్లపాడు బట్టమేక పిట్టకు దగ్గరి చుట్టమైన గ్రేట్ బస్టర్డ్ ఇక్కడ ఉంది. మగది పది కిలోలకు పైనే తూగుతుంది. ఏప్రిల్‌లో అది ఈకలను తిరగేసి ఒక్కసారిగా తెల్లటి నురుగు ముద్దలా మారి ఆడపక్షుల ముందు నిలబడుతుంది. కారు పక్కకు ఆపి, ఇంజను కట్టేసి, అద్దం దించి చూడండి. తలుపు తెరిస్తే చాలు, నడుచుకుంటూ దూరమైపోతుంది.