పాము తల చేప దొరికితే అది కొరమీనో, పూమీనో, మట్టగిడసో కనుక్కునేది ఎట్లా

మన తిరుపతి పక్క పాము తలకాయ ఉన్న చేప ఏది కనపడినా కొరమీను అనేస్తాం, కానీ ఆ పేరు కింద మూడు రకాలు తిరగతా ఉండాయి, వాటి రుచీ వేరే, ఉండే నీళ్ళూ వేరే.

తల చూసి తేల్చొద్దు. మూడింటికీ తల మీద పెద్ద పొలుసులు, గుండ్రంగా పొడుగాటి ఒళ్ళు, వీపు పొడుగునా ఒకటే రెక్క. ముందు తోక మొదలు చూడండి. అక్కడ పైవైపు నల్ల చుక్క, దాని చుట్టూ నారింజ రంగు వలయం, కన్ను మాదిరి ఉంటే అది పూమీను. చేప పెద్దదై ఆ కన్ను మసకగా ఉంటే పక్కల్లో వరసగా ఉండే నల్ల మచ్చలు చూడాల. కొరమీనుకు తోక దగ్గర కన్ను ఉండదు, వీపు నలుపు, కడుపు తెలుపు, పక్కల్లో ఏటవాలు చారలు. మట్టగిడస చిన్నది, చాలావరకు జానెడు, ఒంటినిండా చుక్కలు. మీసాలుండి పొలుసులే లేకపోతే అది మార్పు అనే వేరే చేప, ఈ కుటుంబమే కాదు.

ఇంక చోటు. పూమీనుకు లోతు కావాల, రాళ్ళుండే ఏటి మడుగులు, డ్యాములు దాని ఇష్టం. కొరమీను నిలవ నీళ్ళ చేప, బురద, తుంగ, తామరాకులు, వరి మడి కాలవ అయినా చాలు. మన స్వర్ణముఖి ఏరు చానా నెలలు ఇసకే కదా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకి నీళ్ళొచ్చి తర్వాత మిగిలే గుంతల్లో, చెరువుల అంచుల్లో కొరమీనునే వెతకండి. ఇది గాలి పీల్చే చేప, అప్పుడప్పుడూ పైకొచ్చి గుటక వేసి పోతాది, కాబట్టి పొద్దున్నే నీడ నీళ్ళమీద పడకుండా కదలకుండా నిలబడితే అది పైకొచ్చినప్పుడు నీళ్ళమీద లేచే వలయాలు కనపడతాయి. నీళ్ళు ఎండితే బురదలో దూరి తడి ఉన్నంతకాలం బతకతాది, ఎంత గట్టి ప్రాణమో!

ఎర్రటి పిల్లలు ముద్దగా నీళ్ళపైన కదలతా ఉంటే కింద పెద్ద చేప కాపలా ఉన్నట్టే. అప్పుడు గాలం వేస్తే కోపంతో వచ్చి కొడతాది, సులభంగా పడతాది, దయచేసి వేయొద్దండి, అది పోతే ఆ గుంపు మొత్తం వేరే చేపల నోట్లోకి పోతాది.

ఫొటో తీసేటప్పుడు చేతులు తడిపి పట్టుకోండి, నోట్లో పళ్ళుంటాయి, వేలు పెట్టొద్దు. పక్కనుంచి ఒకటి, కడుపు ఒకటి, తోక మొదలు దగ్గరగా ఒకటి తీస్తే చాలు, ఏ రకమో ఎవరైనా చెప్పేస్తారు.